నాలుగు అంగలు, మూడు మీటర్లు

హాల్లో పరవడానికి తెచ్చిన ప్లాస్టిక్ షీటు మీటరు పొడవు ఎక్కువైంది. ఒక కొస కిటికీ గోడకు ఆనించి చుట్ట విప్పుకుంటూ వస్తే, రెండో కొస ఎదురుగోడ మీదికి పాకి, వెక్కిరించడానికి నాలుక చాపినట్టు నిలబడింది. పెద్దమ్మ చీపురు పట్టుకుని దాన్ని కాసేపు చూసింది.

"ఏమండీ, మన ఇల్లు చిన్నదైపోయిందా, షాపువాడికి మీ మీద ప్రేమ పుట్టుకొచ్చిందా?"

పెదనాన్న షీటు కొసను కాలితో నొక్కి చూశాడు. షాపువాడి తప్పేమీ లేదు. ఆరు మీటర్లని చీటీ రాసిచ్చింది ఆయనే. అంతకుముందు హాలు ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచి ఎనిమిది అంగలని లెక్కపెట్టిందీ ఆయనే. ఆయన నాలుగు అంగలు వేస్తే మూడు మీటర్లు. ఎనిమిది వేస్తే ఆరు. ముప్పై ఏళ్లుగా తప్పని లెక్క. టేపు పెట్టి కొలవండి మహాప్రభో అని పెద్దమ్మ మొత్తుకుంటే, "నా కాలే టేపు" అన్నాడు కూడా.

"అయితే మీ టేపు కుంచించుకుపోయినట్టుంది," అని పెద్దమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆయన బీరువా మీంచి ఇనుప టేపు తీసి హాలు కొలిచాడు. ఐదు మీటర్లు. సుద్దముక్కతో నేల మీద ఒక గీత గీసి, దాని మీద మడమ పెట్టి, మామూలుగా నాలుగు అంగలు వేసి కొలిచాడు. రెండున్నర మీటర్లు. మళ్లీ వేశాడు. మళ్లీ రెండున్నరే. మూడోసారి కావాలని సాగదీసి వేయబోతే మోకాలు కలుక్కుమంది. అప్పుడు కుర్చీలో కూలబడ్డాడు.

షీటు పోతే పోయింది. మూడు రోజుల్లో, గురువారం నాడు, ఆయన కోర్టులో బోనెక్కి ఒక దూరం గురించి ప్రమాణం చేసి చెప్పాలి. ఆ దూరం కొలిచింది ఈ కాలితోనే.

మా పెదనాన్న చేసే పని చెబితే చాలామంది అలాంటి పని ఒకటుందని నమ్మరు. రోడ్డు మీద బండి మనిషిని గుద్దుతుంది. ఆ మనిషి నష్టపరిహారం కోసం కేసు వేస్తాడు. తప్పెవరిదని కోర్టు అడుగుతుంది. బండి ఎక్కడ ఉంది, మనిషి ఎక్కడ ఉన్నాడు, మలుపు ఎంత దూరం, బ్రేకు గీతలు ఎంత పొడవు, ఇవన్నీ ఒక పటంగా గీసి లాయరుకు ఇచ్చే మనిషి ఒకడు కావాలి. ఆ ఒకడు మా పెదనాన్న. మొదట్లో రోడ్ల ఆఫీసులో పటాలు గీసేవాడు. అక్కడి పటాల గది మూతపడ్డాక ఈ పనిలోకి వచ్చాడు. జీవితంలో ఒక్క పిల్లాడికి ఒక్క అక్షరం నేర్పకపోయినా కోర్టులో అందరూ కొలతల మాస్టారు అంటారు.

చిన్న దూరాలు, అంటే రోడ్డు వెడల్పు, గుంట లోతు లాంటివి టేపుతోనే కొలుస్తాడు. పెద్ద దూరాలు మాత్రం అంగలతో. దానికి కారణం ఉంది. నడిచే రోడ్డు మీద పొడుగు టేపు పరిస్తే రెండో కొస పట్టడానికి ఇంకో మనిషి కావాలి, బండ్లు దాన్ని తొక్కుకుంటూ పోతాయి, జనం మూగుతారు, డ్రైవరు తరఫువాళ్లు వచ్చి "ఏంటయ్యా కొలుస్తున్నావ్?" అని కాలరు పట్టుకుంటారు. చేతులు వెనక్కి కట్టుకుని షికారుకొచ్చినట్టు నడిచే ముసలాణ్ణి ఎవరూ పట్టించుకోరు. పది అంగలకు ఒకసారి ఎడమ జేబులోని చొక్కా గుండీ ఒకటి కుడి జేబులోకి మారుస్తాడు. చివర్లో గుండీలు లెక్కపెట్టుకుంటాడు. ఆ ఇంట్లో ఏ చొక్కాకైనా గుండీ ఊడిపోతే పెద్దమ్మ వెతికే చోటు ఆయన జేబే.

నిజం చెప్పాలంటే ఆయనకు ఆ అంగ మీద పొగరు. ఆఫీసులో ఉన్నప్పుడు ఏడాదికోసారి వంద మీటర్ల తాడు పక్కన నడిచి సరిచూసుకునేవాడు. బయటికొచ్చాక అదీ మానేశాడు. రెండేళ్ల కింద మోకాలు అరిగిందని డాక్టరు చెప్పాడు. నడక నెమ్మదించిందని ఆయనకు తెలుసు. అంగ తగ్గిందని తెలీదు. మనిషి తన అంగను తనే ఎక్కడ చూసుకుంటాడు?

గురువారం కేసు ఒక పేపరతనిది. తెల్లారాక సైకిలు మీద ఇంటింటికీ పేపర్లు వేస్తుంటే సరుకుల వ్యాను వెనక నుంచి గుద్దింది. ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది. ఏడాది లోపల ఇంకో ఆపరేషను చేయకపోతే కుంటి నడకే మిగులుతుందని డాక్టర్లు చెప్పారు. ఎనిమిది నెలలు అయిపోయాయి. కేసు గెలిస్తేనే ఆపరేషను. పెదనాన్న గీసిన పటం ప్రకారం మలుపు నుంచి వ్యాను ఆగిన కరెంటు స్తంభం దాకా డెబ్బై రెండు మీటర్లు. అందులో చివరి పదిహేను మీటర్లు బ్రేకు గీతలు.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మను వెంటబెట్టుకుని ఆ మలుపు దగ్గరికి వెళ్లాడు. ఇద్దర్నీ బండి మీద దింపింది నేనే. పెద్దమ్మ టేపు కొస పట్టుకుని మలుపు దగ్గర నిలబడింది. ఆయన రెండో కొసతో స్తంభం వైపు నడిచాడు. టేపు చాలక మధ్యలో గీతలు పెట్టుకుంటూ నాలుగు విడతలుగా కొలిచారు. పాలబండి ఆపి ఒకతను అడిగాడు.

"ఏమ్మా, రోడ్డు వెడల్పు చేస్తున్నారా?"

"లేదు నాయనా, మా ఆయన కాలు కొలుస్తున్నాం."

అరవై మీటర్లు. డెబ్బై రెండు కాదు. బ్రేకు గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. వాటిని మళ్లీ కొలిచే వీల్లేదు. నోటు పుస్తకంలో ఆ రోజు రాసుకున్న అంగలే మిగిలాయి. మలుపు నుంచి స్తంభానికి తొంభై ఆరు, గీతలు ఇరవై.

అటునుంచి అటే పేపరతని తరఫు లాయరమ్మ గదికి వెళ్లాం. పేపరతను చంకకర్ర గోడకు ఆనించి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పెదనాన్న నిలబడే సంగతంతా చెప్పేశాడు. లాయరమ్మ కళ్లద్దాలు తీసింది.

"మాస్టారూ, అవతలి లాయరే మీ కొలత కాదనలేదు. మీరు కాదంటారేంటండీ?"

"గీసింది నేను కదమ్మా."

"పదిహేను మీటర్ల గీతలంటే వ్యాను యాభై దాటి వచ్చిందని మా ఇంజినీరు రాసిచ్చాడు. మీ కొత్త లెక్కకు గీతలెంత?"

"పన్నెండున్నర."

"అంటే యాభై లోపే. ఆ రోడ్డు మీద యాభై దాకా వెళ్లొచ్చు. స్పీడు మాట పోయింది. ఇంకేం మిగిలింది నాకు? ఎవరూ అడగని దానికి మీరెందుకు నోరు తెరవాలి? అడిగితే చెప్పండి. అడక్కపోతే దిగి వచ్చేయండి."

ఆవిడ చెడ్డ మనిషేమీ కాదు. పేపరతని దగ్గర ఇంతవరకు ఫీజు అడగలేదు. గోడకున్న ఆ చంకకర్రను రోజూ చూస్తున్న మనిషి.

పెదనాన్న పేపరతని వైపు తిరిగాడు. "తమ్ముడూ, తప్పు నాది. నాలుగు తిట్టు, పడతాను."

"తిట్టే ఓపిక లేదు మాస్టారూ," అన్నాడతను. తర్వాత ఏమనుకున్నాడో నవ్వాడు. "మీ మోకాలూ నా కాలూ కలిపితే ఒక మనిషికి సరిగ్గా సరిపోతాయి. అది సరే గానీ, నాకొకటి చెప్పండి. మీ అంగ తగ్గితే వాడు నన్ను గుద్దడం కూడా తగ్గుతుందా?"

ఆ ప్రశ్న పెదనాన్నను వదల్లేదు. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని కూడా అదే ఆలోచన. గుండీలు బల్ల మీద వరసగా పేర్చాడు, చెరిపాడు, మళ్లీ పేర్చాడు. పెద్దమ్మ కంచం ముందుకు జరిపింది. "అవి చొక్కాలకు కుట్టేవి, తినేవి కావు."

గురువారం కోర్టు హాలు సగం ఖాళీ. పైన ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. జడ్జి నడివయసు ఆవిడ, ఎదురుగా ఫైళ్ల గుట్ట. లాయరమ్మ పటం చూపించి ఆనవాయితీగా అడిగింది.

"ఈ పటం మీరు గీసిందేనా?"

"నేనే గీశానమ్మా. ఇందులో రెండు కొలతలు తప్పు."

లాయరమ్మ కళ్లు మూసుకుంది. ఇన్సూరెన్సు కంపెనీ లాయరు కుర్చీలోంచి లేచిన తీరు చూస్తే ఆయనకు లాటరీ తగిలిందనుకోవాలి. పెదనాన్న మోకాలి సంగతి, షీటు సంగతి, అరవై మీటర్ల సంగతి వరసగా చెప్పాడు. షీటు దగ్గర గుమాస్తా నవ్వాపుకోలేక దగ్గాడు.

"అయితే మాస్టారూ," అన్నాడు ఆ లాయరు, "ఈ పటం చించి పొట్లాలు కట్టుకోవచ్చన్నమాట."

"ఒక్క నిమిషం," అంది జడ్జి. "మీరు అక్కడి నుంచి నాలుగు అంగలు వేయండి. మామూలుగా నడవండి, నా కోసం నడవకండి."

ఆయన బోను దిగి నడిచాడు. బంట్రోతు టేపు పెట్టాడు. రెండు మీటర్ల నలభై తొమ్మిది సెంటీమీటర్లు. జడ్జి రాసుకుంది. "ఇక చెప్పండి. పటంలో ఏం మిగిలింది?"

"మీటర్లు తప్పాయమ్మా, అంగలు తప్పలేదు," అన్నాడు పెదనాన్న. "మలుపు నుంచి స్తంభానికి తొంభై ఆరు అంగలు. గీతలు చివరి ఇరవై. రెండూ ఒకే రోజు, ఒకే కాలితో నడిచాను. మలుపు తిరగ్గానే సైకిలు కనపడుతుంది, అడ్డేమీ లేదు, వెలుతురుంది. కనపడ్డాక డెబ్బై ఆరు అంగలు బ్రేకు మీద కాలు పడలేదు. నా అంగ ముప్పావు మీటరు కానీండి, జానెడు కానీండి, ఐదు వంతుల దారిలో దాదాపు నాలుగు వంతులు డ్రైవరు బ్రేకు వేయలేదు. స్పీడు సంగతి నాకు తెలీదు. చూడలేదన్న సంగతి మాత్రం అక్కడుంది."

లెక్కలంటే పుస్తకం మూసి పారిపోయిన రకం నేను. నాకే ఒక్కసారికి అర్థమైంది. ఇన్సూరెన్సు లాయరు కూర్చుని కాగితాలు సర్దుకున్నాడు. వెనక బల్ల మీద పేపరతను చంకకర్ర మీద గడ్డం ఆనించి పెదనాన్ననే చూస్తున్నాడు.

బయట వరండాలో వ్యాను డ్రైవరు వెంట పడ్డాడు. కుర్రవాడు, ముప్పై కూడా ఉండవు.

"అంకుల్, స్పీడు పోలేదని మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా. ఒక్కడూ నమ్మలేదు. మీరు చెప్పారు. చాలా థ్యాంక్స్."

"స్పీడు పోలేదు, సరే. మరి చూశావా?"

అతను చెప్పులవైపు చూసుకున్నాడు. "సరుకుల చీటీ చూసుకుంటున్నా అంకుల్. తర్వాత ఏ ఇల్లో అని."

"ఆ మాట నాకు కాదు, లోపల చెప్పు."

తర్వాతి వాయిదాలో అతని వాంగ్మూలం. చెప్పాడో లేదో నాకు తెలీదు, నేను వెళ్లలేదు. ఆరు వారాలకు తీర్పొచ్చింది. అతివేగం రుజువు కాలేదు, నిర్లక్ష్యం రుజువైంది అని రాశారు. లాయరమ్మ అడిగినంత ఇవ్వలేదు. స్పీడు మాట కూడా నిలబడి ఉంటే ఇంకాస్త వచ్చేదని ఆవిడ ఇప్పటికీ అంటుంది. అది నిజమే కావచ్చు. ఆపరేషను మాత్రం గడువు లోపలే జరిగింది. పేపరతను ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాడు, సైకిలెక్కడం లేదు, పేపర్లు విడదీసే షెడ్డులో కూర్చుని పని చేస్తున్నాడు.

మా పెదనాన్న అక్కడితో ఆగి ఉంటే ఆయన పనికి పెద్ద దెబ్బ తగిలేది కాదు. ఆయన ఆగే రకం కాదు. మోకాలు అరిగిన దగ్గర్నుంచి గీసిన పటాలన్నీ బయటికి తీశాడు. తీర్పులు రాని కేసులు తొమ్మిది తేలాయి. తొమ్మిది మంది లాయర్లకు తొమ్మిది ఉత్తరాలు రాశాడు, ఎన్ని అంగలు, ఎన్ని మీటర్లు తగ్గించుకోవాలి అని. ఇద్దరు ఫోన్లోనే కేకలు వేశారు. నలుగురు జవాబివ్వలేదు, ఆ తర్వాత పనీ ఇవ్వలేదు. ఒకాయన "ఇన్నాళ్లు తెలీనట్టే ఉన్నారుగా, ఇంకో ఆర్నెల్లు ఉంటే మీ సొమ్మేం పోయింది?" అన్నాడు. తీర్పులు వచ్చేసిన కేసుల మాట మేమెవరం ఎత్తం. ఆ పటాలు విడిగా ఒక సంచిలో కట్టి ఉన్నాయి. ఒక్కోసారి ఆ సంచి విప్పి కూర్చుంటాడు.

పని సగానికి తగ్గింది. పొడుగు దూరాలకు ఇప్పుడు కర్రకు చక్రం బిగించిన కొలత బండి తోసుకుంటూ వెళ్తాడు. దాన్ని చూసి జనం మూగుతారు. ఆయనకు అది నామోషీ. అయినా అంగలు లెక్కపెట్టడం మానలేదు. చక్రం చెప్పిందీ గుండీలు చెప్పిందీ పక్కపక్కనే రాస్తాడు.

షీటులో ఎక్కువైన మీటరు ముక్క పారేయలేదు. పెద్దమ్మ దాన్ని కత్తిరించి గుమ్మం దగ్గర పరిచింది. దాని మీద పెదనాన్న రంగుతో రెండు గీతలు గీశాడు, మధ్య దూరం సరిగ్గా ముప్పావు మీటరు. నెల మొదటి రోజున చెప్పులు విడిచి, మొదటి గీత మీద మడమ పెట్టి ఒక అంగ వేస్తాడు. రెండో గీతను అందుకోని ఆ అంగ ఎంతుందో పెద్దమ్మ వంగి టేపుతో చూస్తుంది.

మొన్న కూడా చూసింది. "అరవై ఒకటి. ఇంకో సెంటీమీటరు తగ్గారు."

"రాయి," అన్నాడు ఆయన.

"ఇలాగే తగ్గుకుంటూ పోతే ఏదో ఒక రోజు కదలకుండా నిలబడతారు."

"ఆ రోజు సున్నా అని రాయి. తేదీ మాత్రం మర్చిపోకు."