మాస్టారి జర్మనీ సీటు

జ్ఞానప్రకాశం మాస్టారి గురించి చెబుదామని కూర్చుంటే ముందు రామమోహనరావు మొహమే కళ్ళ ముందుకొస్తుంది. ఒళ్ళు మండిపోతుంది. ఆ మనిషి సంగతి కాసేపాగి చెబుతాను, లేకపోతే మొదట్లోనే నా నోరు పాడవుతుంది.

మాస్టారిది గుంటూరు. లూథరన్ చర్చి కుటుంబం. ఆ దగ్గర్లోనే ఒక మిషన్ హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పారు. భార్య బాలకుమారి గారికి ఇక్కడ కెనడాలో ముసలివాళ్ళని చూసుకునే హోమ్‌లో పని దొరికి, శాశ్వతంగా ఉండిపోయేందుకు పీఆర్ వస్తే, ఆవిడతో పాటు బ్రాంప్టన్ వచ్చేశారు. వచ్చి ఏం చేశారు? మా అమ్మాయి తేజశ్రీ చదివే హైస్కూల్లో కేర్‌టేకర్‌గా చేరారు. అంటే నేలలు తుడవడం, చెత్త సంచులు మార్చడం, మంచు పడితే మెట్ల మీద ఉప్పు చల్లడం. అన్నేళ్ళు పాఠం చెప్పిన మనిషి బెంచీల కింద బబుల్‌గమ్ గీకుతున్నాడంటే నాకు మనసొప్పేది కాదు. ఆయనకి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. "బడే కదమ్మా, పిల్లల గోల వినపడుతూనే ఉంటుంది" అనేవారు.

2024 మార్చి బ్రేక్ సెలవులకి స్కూలు వాళ్ళు జర్మనీ హిస్టరీ టూర్ పెట్టారు. బెర్లిన్, విటెన్‌బర్గ్, వైమార్, మ్యూనిక్. అంతకు ముందు ఫాల్‌లో, ఆకులు రాలే రోజుల్లో, ఒకరోజు హిస్టరీ టీచర్ మిస్ హార్పర్ బోర్డు మీద జర్మనీ గీస్తోందట. గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడ్డ మాస్టారు "ఎల్బ్ నది ఇంకొంచెం తూర్పుకి పోవాలి మేడమ్" అన్నారట. ఆవిడ మంచిది, నవ్వేసి మార్కర్ ఆయన చేతికిచ్చింది. ఆయన ఏ పుస్తకమూ చూడకుండా నదులన్నీ గీసేశారు. అప్పట్నుంచి టూర్‌కి వెళ్ళే పిల్లలందరికీ శనివారాలు లైబ్రరీలో మాస్టారి క్లాసు.

నేనూ వెనక కుర్చీలో కూర్చుని వినేదాన్ని. పాత గోడ క్యాలెండర్ల వెనక మ్యాపులు గీసుకొచ్చేవారు. విటెన్‌బర్గ్ చర్చి తలుపు దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతే మారిపోయేది. మార్టిన్ లూథర్ అప్పటి చర్చి తప్పుల్ని నిలదీస్తూ కాగితం అంటించాడని చెప్పుకునే తలుపు. గుంటూరులో ఎవడో ఒక గడుగ్గాయి ఏటా అడిగేవాడట, "సార్, ఆ తలుపు ఎంత ఎత్తుంటది? మీరు చూశారా?" అని. చూడలేదురా అని ముప్పైసార్లు చెప్పారాయన. "అసలు తలుపు ఎప్పుడో కాలిపోయిందమ్మా, ఇప్పుడున్నది కంచుది. అయినా ఒక్కసారి ముందు నిలబడి, నా తల ఎక్కడికొస్తుందో చూసుకోవాలి" అన్నారు నాతో. అంతే ఆయన కోరిక. ఇంకేమీ అడగలేదు ఈ దేశాన్ని.

పిల్లలతో పెద్దవాళ్ళు వెళ్ళాలి కదా. టీచర్లు పోను ఒక సీటు పేరెంట్స్ కమిటీ చేతిలో ఉంది. ఆ కమిటీకి పెద్ద రామమోహనరావు. ఇక ఆగను, చెప్పేస్తాను.

ఆయనకి బ్రాంప్టన్‌లో మూడిళ్ళు. ఒకటి మా పక్కిల్లే. పైన మాస్టారు, బాలకుమారి గారు అద్దెకుండేవారు. కింద బేస్‌మెంట్‌లో పదకొండు మంది స్టూడెంట్లు. అప్పుడు రోజుకో విమానం నిండా దిగుతున్నారు పిల్లలు, దొరికిన మూలల్లా పడుకుంటున్నారు. ఒక్క బాత్రూమ్. ఒకడు వేర్‌హౌస్ షిఫ్టుకి లేచి వెళ్తే, అదే పరుపు మీద, ఆ వెచ్చదనం మీదే, షిఫ్టు దిగొచ్చినవాడు పడుకునేవాడు. ఉన్న ఒక్క కిటికీకి అడ్డంగా మంచం. పక్క తలుపు తీస్తే తడి సాక్సులు, మాడిన పోపు, బూజు కలిసి గుప్పున కొట్టేది. యాక్! రామమోహనరావు మాత్రం "మన పిల్లలకి ఆశ్రయం ఇస్తున్నానండీ" అని గుండె మీద చెయ్యి వేసుకునేవాడు. ఆశ్రయమట!

జనవరిలో టూర్ మీటింగ్ ఆయనింట్లోనే పెట్టారు. లిస్టులో వైమార్ పక్కన బుఖెన్‌వాల్డ్ అని ఉంది. నాజీలు వేలమందిని చంపిన క్యాంపు. రామమోహనరావు భార్య శాంత సమోసా నములుతూ, "అయ్యో, పిల్లల మూడ్ పాడవుతుందండీ. ఆ రోజు స్విట్జర్లాండ్ తీసుకెళ్ళి మంచు కొండలు చూపిస్తే ఫొటోలైనా బావుంటాయి" అంది. ఫిబ్రవరిలో మోకాళ్ళ లోతు మంచు తవ్వుకునేవాళ్ళం, జర్మనీ దాకా వెళ్ళి మంచు చూడాలట! నలుగురు చేతులెత్తారు కూడా.

మాస్టారు లేచారు. "అక్కడికి వెళ్ళకపోతే దీనికి హిస్టరీ టూర్ అని పేరు పెట్టకండి. క్యాంపుని విడిపించాక అమెరికా సైనికులు వైమార్ ఊరి జనాన్ని కొండ మీదికి నడిపించుకెళ్ళి క్యాంపు చూపించారు. మాకేం తెలియదు అన్నారు వాళ్ళు. పిల్లలు వినాల్సింది ఆ మాటే." మిస్ హార్పర్ కూడా గట్టిగా నిలబడింది. రామమోహనరావు వెంటనే రంగు మార్చి, "భలేవారే మాస్టారూ! అందుకే కమిటీ సీటు మీకే. కన్ఫర్మ్!" అని అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. ఆ వారమే మాస్టారు కొత్త సూట్‌కేసు కొని తెచ్చి నాకు చూపించారు. బాలకుమారి గారు దాని పిడికి ఎర్ర రిబ్బన్ కట్టారు, ఎయిర్‌పోర్ట్ బెల్టు మీద తొందరగా గుర్తుపట్టడానికి.

ఫిబ్రవరిలో, బేస్‌మెంట్‌లో లెక్కకి మించి జనాన్ని కుక్కారని సిటీ వాళ్ళకి ఎవరో కంప్లెయింట్ చేశారు. ఇన్‌స్పెక్షన్ డేట్ వచ్చింది. ఆ రోజు పొద్దున్నే రామమోహనరావు రెండు పెద్ద చెత్త సంచులతో మా గుమ్మంలో ప్రత్యక్షం. వాటి నిండా బూట్లు. మనవాళ్ళం చెప్పులు బయటే విడుస్తాం కదా. పక్క తలుపు మెట్ల మీద వరసగా ఉండేవి స్టూడెంట్ల మంచు బూట్లు. ఎన్ని జతలో లెక్కపెడితే లోపల ఎంతమందో ఇట్టే తెలిసిపోతుంది.

"చెల్లెమ్మా, సాయంత్రం దాకా మీ గరాజ్‌లో ఉంచండి. ఎవరైనా అడిగితే ఇద్దరు ముగ్గురు చుట్టాలున్నారని చెప్పండి" అన్నాడు.

నాకు అసహ్యం వేసింది. వేసి ఏం చేశాను? "అలాగే అన్నయ్య గారూ" అన్నాను. మొహమాటం! పిల్ల ఆయన కమిటీ చూస్తున్న టూర్‌కి పది రోజులు ఊరుకాని ఊరు వెళ్తోంది, పక్కిల్లు, రేపు మళ్ళీ మొహాలు చూసుకోవాలి. ఇన్ని సాకులూ ఒక్క క్షణంలో దొరికాయి నాకు.

పదకొండింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. ముందు నా దగ్గరికే. మంచు తవ్వుతున్నాను, గరాజ్ తెరిచే ఉంది. "పక్కింటి బేస్‌మెంట్‌లో ఎంతమంది ఉంటారో తెలుసా?" అనడిగింది. "ఇద్దరు ముగ్గురేమో, సరిగ్గా తెలియదు" అన్నాను. ఆవిడ చూపు సంచుల మీద పడింది. ఒక బూటు బయటికి తొంగిచూస్తోంది. "డొనేషన్‌కి" అన్నాను. ఆ రోజు స్కూలు సెలవు, తేజశ్రీ పక్కనే ఉంది. దాని వంక చూశాను. అది ఒక్క నిమిషం నన్నే చూసి, "యా, డొనేషన్" అంది.

ఆవిడ వెళ్ళి మాస్టారి తలుపు కొట్టింది. ఆయనకీ అదే పాఠం నూరిపోశాడు రామమోహనరావు. "జర్మనీ సంగతి గుర్తుంది కదా మాస్టారూ" అని కూడా అన్నాడట, నవ్వుతూ. నేను పార పట్టుకుని అక్కడే నిలబడ్డాను. మాస్టారి గొంతు స్పష్టంగా వినిపించింది. "పదకొండు మంది, మేడమ్. గోడ దగ్గర మంచం జరిపితే కిటికీ కనిపిస్తుంది. నిప్పంటుకుంటే ఒక్కడూ బయటికి రాలేడు."

గంటలో అంతా తేలిపోయింది. రెండు వారాల్లో బేస్‌మెంట్ ఖాళీ చెయ్యమన్నారు. స్టూడెంట్లు కూడా మాస్టారినే తిట్టారు. "ముసలాయన పుణ్యమా అని రోడ్డున పడ్డాం" అని. వాళ్ళని మాత్రం ఏమనగలం, ఈ చలిలో ఎక్కడికి పోతారు? వాళ్ళలో సాయి కిరణ్ అని ఒకడు ఆ రోజు పొద్దున్న షిఫ్టుకి లేచి, బూట్లు కనపడక, గుడ్డ బూట్లతోనే బస్సు కోసం నలభై నిమిషాలు నిలబడ్డాడట. కాలివేళ్ళు రెండు బొబ్బలెక్కి నల్లబడ్డాయి. సాయంత్రం మిగతావాళ్ళొచ్చి వాళ్ళ వాళ్ళ బూట్లు పట్టుకుపోయారు. అతని జత నా గరాజ్‌లోనే ఉండిపోయింది. తీసుకెళ్ళి ఇవ్వడానికి నాకు మొహం చెల్లలేదు.

కమిటీ గ్రూపులో మెసేజ్ వచ్చింది: ఆరోగ్య కారణాల వల్ల మాస్టారు రావడం లేదు, ఆ సీట్లో శాంత గారు వెళ్తారు. ఆరోగ్యమట! గుండ్రాయిలా ఉన్నాడాయన. థూ! ముప్పై ఒక్కమంది ఆ మెసేజ్ కింద దండం బొమ్మలు పెట్టారు. మిస్ హార్పర్ ఫోన్ చేసి అడిగితే మాస్టారు గొడవ వద్దన్నారట. నేను మాత్రం ఆయన దగ్గరికి పరిగెత్తాను. "క్యాంపు కథ చెప్పి మమ్మల్నందర్నీ మేలుకొలిపారు, తీరా మీకే ఈ గతి పట్టించారు చూడండి" అని ఏడ్చాను.

"దానికీ దీనికీ పోలిక తేకండమ్మా, మహాపాపం" అన్నారాయన గట్టిగా. "నన్నొకటి అడిగారు, ఉన్నది చెప్పాను. అంతే." సూట్‌కేసు రిబ్బన్ విప్పి తేజశ్రీకి ఇచ్చి, "తలుపు ముందు నిలబడి ఒక ఫొటో తీయించుకో తల్లీ" అన్నారు. నెల తిరక్కుండా రామమోహనరావు ఏదో వంక పెట్టి పై వాటా కూడా ఖాళీ చేయించాడు.

టూర్ పది రోజులూ శాంత ఫొటోలే ఫొటోలు. రైల్లో పులిహోర, కోట ముందు పట్టుచీర. బుఖెన్‌వాల్డ్ రోజున తలనొప్పని చెప్పి వైమార్‌లో షాపింగ్‌కి పోయిందట. ఎయిర్‌పోర్ట్ నుంచి వస్తుంటే తేజశ్రీ ఈ మాట చెప్పింది. నేను తిట్లు మొదలుపెట్టాను.

"అమ్మా, స్టాప్" అంది. "అక్కడ గైడ్ ఆ ఊరివాళ్ళ గురించి చెప్పాడు. దె సెడ్ దె డిడ్‌న్ట్ నో. వాళ్ళ చోట మీరుంటే నిజం చెప్పేవాళ్ళా అని అడిగాడు. ఎవ్రీబడీ రెయిజ్డ్ దెయిర్ హ్యాండ్. ఐ కుడ్‌న్ట్" అంది.

ఇంటికొచ్చాక గరాజ్ తలుపు లేచింది. మూలన సాయి కిరణ్ బూట్లు. వాటిని సంచిలో వేసి, తేజశ్రీనీ తీసుకుని, పక్కనే ఉన్న మాల్టన్‌లో మాస్టారి కొత్త ఇంటికి వెళ్ళాను. రెండు గదులు. ఒకదాంట్లో సాయి కిరణ్ పక్క. వాడిని తనతోనే తెచ్చుకున్నారు మాస్టారు. వాడు పనికెళ్ళాడు.

తేజశ్రీ ఫోన్‌లో ఫొటో చూపించింది. నల్లని కంచు తలుపు, మీద సన్నని అక్షరాలు, ముందు పిడికిట్లో ఎర్ర రిబ్బన్ పట్టుకుని నిలబడ్డ తేజశ్రీ. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మళ్ళీ చూశారు. "నువ్వింత ఉంటే, నేను ఇక్కడిదాకా వస్తాను" అని వేలితో కొలుచుకుని చిన్నపిల్లాడిలా నవ్వారు.

నేను సంచి ముందు పెట్టాను. "మాస్టారూ, ఆ రోజు బూట్లు నా గరాజ్‌లోనే ఉన్నాయి."

"తెలుసమ్మా. సాయి బూట్లేవని నా తలుపే కొట్టాడు. వాడు బస్సుకి వెళ్ళిపోయాక చూస్తే, మెట్ల దగ్గర్నుంచి మీ గరాజ్ దాకా మంచులో అడుగులు కనిపిస్తూనే ఉన్నాయి."

సంచిని ఇంకాస్త ముందుకి జరిపాను. "మరి ఆ ఇన్‌స్పెక్టర్ మీ గుమ్మంలోనే ఉంది కదండీ. బూట్ల సంగతి ఎందుకు చెప్పలేదు?"

బాలకుమారి గారు తెచ్చిన టీ ఆయన నా చేతికిచ్చారు.

"ముందు మీ దగ్గరికే వచ్చింది కదమ్మా. మీరు చెప్పే ఉంటారనుకున్నాను."