నెట్ లేని వైఫై, వద్దన్న వైరు

ప్రతి వస్తువుకీ రెండు ధరలుంటాయని నేను గట్టిగా నమ్మిన రోజులవి. ఒకటి అమ్మేవాడు చెప్పేది, రెండోది మనం వాణ్ణి ఏడిపించాక మిగిలేది. సూర్యాపేటలో మాది స్టీలు గిన్నెల దుకాణం. ముందు దుకాణం, వెనుక ఇల్లు. మాటలు రాకముందే నాకు పెదవి విరవడం వచ్చిందని మా అమ్మ చెప్పేది. బేరంలో మా ఇంటి పద్ధతి ఒకటుంది. ధర ఇక దిగదని తేలాక, సామానులోంచే ఏదో ఒకటి వదులుకోవాలి. డబ్బా వద్దు, మూత వద్దు, సంచి వద్దు, ఇప్పుడు చెప్పు ఎంతకిస్తావు? ఈ విద్య మా నాన్నకు వాళ్ళ అక్క నేర్పింది. ఆమే మా మేనత్త, మిర్యాలగూడలో చీరల కొట్టు నడిపిన మనిషి. ఆమె నోట ఒక్క మంచి మాట కోసం నేను పుట్టినప్పటి నుంచీ కాచుకుని ఉన్నాను.

ఆ ఏడు అత్తమ్మ వారం రోజులు ఉండిపోదామని మా ఇంటికి వచ్చింది. తిరిగి వెళ్ళిన మర్నాడే, సోమవారం, ఆమెకు కంటి ఆపరేషన్. ఎవరికీ భయపడని మనిషి దానికి భయపడుతోంది. ఒక సాయంత్రం నాతో తన బాధ చెప్పుకుంది. వయసులో ఉండగా అద్దెకు తెచ్చుకున్న నవలలో చివరి పేజీలు ఎవరో చింపుకుపోయారట. "ఆ పిల్ల పెట్టె పట్టుకొని వానల బయటికి పోయింది. మళ్ళ మొగని ఇంటికి వచ్చిందో లేదో తెల్వది. ముప్పై ఏండ్లాయె, నా కండ్ల ముందట ఇంకా తడుస్తనే ఉన్నది. కన్ను మంచిగైతదో కాదో, ఆ పిల్ల సంగతి తెలుసుకొని పోతే మంచిగుండు."

వెతికితే ఆ పాత నవల స్కాన్ చేసిన పేజీలుగా ఇంటర్నెట్‌లో దొరికింది. కానీ ఫోను చూసినా, లాప్‌టాప్ చూసినా ఆ వెలుతురుకు అత్తమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారతాయి. కాగితంలా కనబడే ఈ-రీడర్ అయితే అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుకోవచ్చు. కోదాడలో ఒకాయన పాతది అమ్ముతున్నాడని తెలిసి బస్సెక్కాను. మునగాల దాటేలోపు బేరమంతా మనసులో ఒకసారి ఆడేశాను. ఆయన చెప్పిన ధరకు పెదవి విరిచి, డబ్బా వద్దన్నాను, కవరు వద్దన్నాను, చివరికి వైరు కూడా వద్దన్నాను. (ఛార్జింగ్ వైరు ఇంట్లో ఉందిగా!) ఆయన నవ్వుతూ ఇచ్చేశాడు. అమ్మేవాడు నవ్వుతూ ఇచ్చినప్పుడే అనుమానించాలని మా నాన్న చెప్పేవాడు. ఆ మాట బస్సెక్కాక గుర్తొచ్చింది. అంతకుముందు నేను వాళ్ళింటి మెట్లు దిగేటప్పుడు ఆయన ఒక జాగ్రత్త కూడా చెప్పాడు. "దీనికి నెట్ మాత్రం తగలనివ్వకండి. తగిలిందంటే పాత ఓనరు పాస్‌వర్డ్ అడుగుద్ది. ఆయనకే అది గుర్తు లేదు."

ఇంటికొచ్చి చూస్తే నా వైరు ఛార్జింగ్ ఎక్కించేదే కానీ పుస్తకం ఎక్కించేది కాదు. వద్దన్న వైరునే మళ్ళీ డబ్బు పెట్టి కొనడం మా ఇంటా వంటా లేదు. నెట్ తగలకూడదు, పుస్తకం మాత్రం చేరాలి. ఇంటర్నెట్ లేని వైఫై ఇంట్లోనే పెట్టుకుని లాప్‌టాప్ నుంచి ఈ-రీడర్‌కు గాలిలో పంపొచ్చని ఎక్కడో చదివి, రౌటరు కొనడానికి బయల్దేరాను. (ఫోనుతోనే ఆ పని అయిపోతుందని తర్వాత తెలిసింది. ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.) పాత సామాన్ల కొట్టువాడితో, నాకు ఇంటర్నెట్ అక్కర్లేదు కనుక రౌటరు ధర తగ్గించమని గట్టిగా వాదించాను. వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "అన్నా, నల్లా కొనుక్కుంట నాకు నీళ్ళొద్దు, పైసలు తగ్గియ్యి అంటున్నవ్. నీళ్ళు నేనిస్తనన్ననా?" అయినా నేను వదల్లేదు. చివరికి రెండు యాంటెన్నాల్లో ఒకటి విరిగినది చవగ్గా ఇచ్చాడు. యుద్ధం గెలిచినవాడిలా దాన్ని ఇంటికి మోసుకొచ్చాను.

రెండు రోజులు దానితో కుస్తీ పట్టాను. ఈ-రీడర్‌కు ఇంటర్నెట్ లేని సంబంధం నచ్చలేదు. కలిసిన నిమిషానికే తెగతెంపులు చేసుకునేది. దాన్ని బుజ్జగించి కలిపితే, అంకెలూ చుక్కలూ ఉన్న చిరునామా కొట్టగానే లాప్‌టాప్‌లోని పుస్తకం పేరు ఎట్టకేలకు దాని తెర మీద కనబడింది. పుస్తకం దిగేదాకా ఆగకుండా, పరుగున తీసుకెళ్ళి వెనక గదిలో ఉన్న అత్తమ్మ చేతిలో పెట్టేసరికి తెర తెల్లగా ఉంది. మా దుకాణానికీ ఆ గదికీ మధ్య గోడంత ఎత్తున పేర్చిన బిందెలు, గంగాళాలు, ఇడ్లీ పాత్రలు. స్టీలును దాటి ఒంటి యాంటెన్నా సిగ్నల్ రాలేదు. చేతికొచ్చినదాన్ని మళ్ళీ వదలకుండా అత్తమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. రాలేదు. గడప దాటింది. రాలేదు. కుర్చీ అలా జరిగి జరిగి, శనివారం మధ్యాహ్నానికి దుకాణంలో లాప్‌టాప్ ఉన్న బల్లకే ఆనుకుంది. అప్పుడు వచ్చింది పుస్తకం, జానెడు దూరం గాలిలో ప్రయాణం చేసి.

అత్తమ్మ లాప్‌టాప్ వైపు చూసింది, చేతిలో ఉన్నదాని వైపు చూసింది. మధ్య ఉన్న జానెడు చోటు చూసింది.

"వీటికి వైరుంటది గదరా?"

"ఉండె అత్తమ్మా. వద్దని తగ్గించుకున్న."

"ఎంత తగ్గిచ్చిండు?"

చెప్పాను.

"మంచిగనే తగ్గిచ్చినవ్," అంది. నా గుండె ఉప్పొంగింది. అంతలోనే రౌటరు వైపు గడ్డం చూపించింది. "ఆ తగ్గిన పైసలు తీస్కపోయి ఈ డబ్బా కొన్నవా?"

తల ఊపాను. గల్లా దగ్గర నాన్న ఒక గరిటెను అవసరం లేకుండా తుడవడం మొదలుపెట్టాడు. "మా తమ్ముని కొడుకువే," అని అత్తమ్మ చదవడంలో మునిగిపోయింది.

గంట తర్వాత తలెత్తింది. కళ్ళు తడిగా ఉన్నాయేమోనని చూశాను. కోపంగా ఉన్నాయి. "తిరిగొచ్చింది సన్నాసిది. కాళ్ళ మీద పడి ఏడ్సింది గూడ. ముప్పై ఏండ్లు నేను దాన్ని నా మనసుల నల్లగొండల పంతులమ్మను చేసి దర్జాగ బతికిచ్చిన." కాసేపటికి ఈ-రీడర్ నా చేతికిచ్చి, గొంతు తగ్గించి అంది. "పోనీ తీ. నాదే మంచిగున్నది." మర్నాడు బస్సెక్కేటప్పుడు ఆపరేషన్ గురించి ఒక్క మాట కూడా అనలేదు. నవల రాసినవాణ్ణి మాత్రం దారంతా తిడుతూ పోయిందట.

కన్ను బాగైంది. ఇప్పుడామె నా మొహంలోని తప్పులు కూడా మిర్యాలగూడ నుంచే చూస్తుంది. నేనూ కొంచెం మారాను. ఏ కొట్టులోనైనా "వైరు గూడ ఇయ్యాల్నా?" అని అడిగితే, బేరమాడకుండా ఇమ్మంటాను. మెట్లు దిగాక మాత్రం ఒక్క క్షణం ఆగుతాను. వద్దంటే ఎంత తగ్గించేవాడో అడగమని, ఒంటి యాంటెన్నా రౌటరు చంకలో పెట్టుకున్న కుర్రాడొకడు ఇప్పటికీ నా చొక్కా పట్టుకుని లాగుతుంటాడు.