మంచం కింద ఈస్ట్ సీసా

డిగ్రీలో నాకిచ్చిన ప్రాజెక్టు, ఈస్ట్ కణాలు తమ డీఎన్ఏను ఎలా నకలు చేసుకుంటాయన్నది. తెలంగాణ కోసం జరిగే బంద్‌ల వల్ల మా కాలేజీ తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. అందుకని ఈస్ట్‌ను ఇంట్లోనే పెంచి తెమ్మన్నారు సారు. గోదావరిఖనిలో ఒక బేకరీ వాళ్లను బతిమాలి తెచ్చి, చక్కెర నీళ్లలో కలిపి, పచ్చడి సీసాలో పోసి మంచం కింద పెట్టాను. అమ్మకు చెప్పలేదు. చెబితే సారును మించిన వైవా పెడుతుంది.

తెల్లవారి బాపు బొగ్గుగనిలో మొదటి షిఫ్టుకు బూట్లు తొడుక్కుంటున్నాడు. ఊడుస్తున్న అమ్మ చీపురుకు సీసా తగిలింది. మూత తీసి, రాత్రంతా పులిసిన ఆ నీళ్ల వాసన చూసింది. బాపు కల్లు మానేసి అప్పటికి ఏడాది.

"మల్ల మొదలువెట్టినవా?"

"నాది కాదే."

"అమ్మా, అది నాది! కాలేజీది!" అని అరిచాను.

"మీ బాపును ఎనకేసుకురాకు బిడ్డా. కల్లు వాసన నాకు తెల్వదా?"

బాపు బూట్ల తాళ్లు బిగించుకుని లేచాడు. అన్నం డబ్బా కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. అమ్మ మీద నాకు ఒళ్లు మండిపోయింది.

సీసా పట్టుకుని కాలేజీకి వెళ్లానే గానీ, కాలు ఒకచోట నిలవలేదు. గని నుంచి ఇంటికొచ్చే దారిలోనే కల్లు దుకాణం. ఆకలి మీద, ఆ కోపంలో బాపు అందులోకి దూరితే?

మైక్రోస్కోపులో కణాలు మొగ్గలు తొడుగుతున్నాయి. మొగ్గ విడిపోయేలోగా డీఎన్ఏ మొత్తం నకలు కావాలి. ఒక కొస నుంచి మొదలుపెడితే ఎప్పటికీ తెమలదు కాబట్టి చాలా చోట్ల మొదలవుతుంది. ఒకసారి మొదలైన చోట, కణం రెండుగా విడిపోయేదాకా మళ్లీ మొదలు కాదు. మళ్లీ మొదలయ్యే అనుమతిని కణమే రద్దు చేస్తుంది.

"మళ్లీ మొదలైతే?" అన్నారు సారు.

"ఆగమైతది సార్," అన్నాను. కంటికి కనపడని ఈస్ట్‌కు ఉన్న ఆ కట్టడి మనిషికెందుకు లేదని ఉక్రోషం వచ్చింది.

ఇంటికొచ్చి అమ్మకు అంతా విడమరిచి చెప్పాను. ఆమె బాపు కోసం చూస్తూ ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉంది.

బాపు వచ్చాడు. మొహమైనా కడగకుండా అమ్మ ఎదురుగా నిలబడి, ఆమె ముఖం మీద గట్టిగా ఊపిరి ఊదాడు.

"చూస్కో. రేపటి సంది ఇట్ల ఊద. నమ్మితే అన్నం పెట్టు."

అమ్మ కళ్లు తుడుచుకుని కంచం పెట్టింది. సగం తిన్నాక, బాపు తల ఎత్తకుండానే అన్నాడు:

"వచ్చేటప్పుడు దుకాణం ముంగట శానసేపు నిలవడ్డనే."