డేవిడ్‌రాజు దరువులు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిన వైనం

నందిగామ డేవిడ్‌రాజు తన డప్పు తానే కొట్టుకుంటాడని గిట్టనివాళ్లు అంటారు. ఇందులో తప్పేముందో అతనికి ఇప్పటికీ అర్థం కాదు. బాగా కొట్టేవాడు తాను కొట్టుకోక పక్కింటివాడి చేతికిస్తాడా? జగ్గయ్యపేట నుంచి మైలవరం దాకా ఏ చర్చిలో సభలు జరిగినా పాటలకు ప్యాడ్ వాయించేది అతనే. పుల్లలతో కొడితే ఒక్కో గడిలో ఒక్కో వాద్యం పలికే ఆ ఎలక్ట్రిక్ పలక ముందు కూర్చుంటే, పాడేవాళ్లు సగం మంది పాట మరిచిపోయి అతని చేతులే చూస్తారు. ఈ మాట కూడా అతను చెప్పిందే.

నిజానికి అతని గొప్పతనం సగం చేతుల్లో ఉంటే సగం ల్యాప్‌టాప్‌లో ఉంది. చందర్లపాడులో మేనమామ చేత డప్పు మంట మీద కాయించి, కొట్టించి రికార్డు చేశాడు. డోలక్ తానే వాయించాడు. ఆ దరువులను ముక్కలుగా కోసి, చివర వచ్చి మొదటితో కలిసిపోయేలా లూపులు తయారుచేశాడు. ఒక్కసారి నొక్కితే మళ్లీ ఆపేదాకా ఆ దరువు అతుకు తెలియకుండా తిరుగుతూనే ఉంటుంది. అతని రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఆ లూపులను తనకు మాత్రమే తెలిసిన పద్ధతిలో దాచుకుంటుంది. ఇంకో యంత్రంలో పెడితే అవి నోరు విప్పవు. అందరికీ పనికొచ్చే వేవ్ ఫైళ్లుగా మార్చడం పెద్ద పనేం కాదు. కానీ మారిస్తే ఎవడి ప్యాడ్‌లోనైనా మోగుతాయి. అందుకే మార్చలేదు. అన్నం పెట్టడంలో ధర్మరాజే గానీ, దరువుల దగ్గర మాత్రం ఎంగిలి చేత్తో కాకిని తోలడు.

ఇలా ఉండగా కూతురు సూసన్‌కు పెళ్లి కుదిరింది. జగ్గయ్యపేట చర్చిలో పెళ్లి. వినగానే డేవిడ్‌రాజు ఛాతీ విరుచుకుని, "నా కూతురు నడిచొస్తుంటే నేనే వాయిస్తా. చూసుకో, పేట అదిరిపోద్ది!" అన్నాడు.

"మరి నన్ను లోపలికి ఎవరు తీసుకొస్తారు నాన్నా?" అంది సూసన్.

ఆ సంగతి అతనికి తట్టనే లేదు.

"ప్రతి క్రిస్మస్‌కీ నువ్వు స్టేజీ మీదే ఉన్నావు. నేను కింద కూర్చుని చూశా. ఈ ఒక్క రోజు నా పక్కన నడువు. నీకు ప్యాడే కావాలంటే చెప్పు, నేను ఒక్కదాన్నే నడిచొస్తా."

డేవిడ్‌రాజు ప్యాడ్ ఆశ వదులుకున్నాడు. ఆ పిల్ల అన్నంత పనీ చేస్తుంది. అతని కూతురే కదా.

మరి వాయించేదెవరు? చుట్టుపక్కల అంత చెయ్యి ఉన్నవాడు గరికపాడు బెన్ని ఒక్కడే. వయసులో చిన్నవాడు, ఈమధ్య జనం ఇద్దరినీ పోల్చడం కూడా మొదలుపెట్టారు. వేరే దారి లేక డేవిడ్‌రాజు కూర్చుని లూపులు ఒక్కొక్కటే తెరిచి వేవ్‌లోకి మార్చాడు. మార్చాడు గానీ మనసొప్పలేదు. శిష్యులకు అన్నీ నేర్పి ఆఖరి పట్టు దాచుకున్న గురువులు గుర్తొచ్చారు. ప్రతి లూపు చివరా వెంట్రుకవాసి నిశ్శబ్దం వదిలేసి, అలాగే బెన్నికి పంపాడు. ఒకసారి వింటే ఏమీ తెలియదు. తిరిగి మొదటికొచ్చేటప్పుడు మాత్రం దరువు గడప తగిలినట్టు తూలుతుంది.

పెళ్లికి ముందు చర్చిలో రిహార్సల్ పెట్టారు. బెన్ని దరువు అందుకోగానే తండ్రీకూతుళ్లు నడక మొదలుపెట్టారు. దరువు తూలినప్పుడల్లా సూసన్ అడుగు తడబడింది. మూడోసారి ఆగిపోయి, నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడింది.

బెన్ని చెమట తుడుచుకుంటూ, "నా ప్యాడే పాతగైంది అన్నా. దాంట్లనే ఏదో తేడా ఉంది" అన్నాడు.

డేవిడ్‌రాజు తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని ప్యాడ్ వైర్లు సర్దాడు.

ఇంటికొచ్చాక అతని భార్య జయమణి కంచంలో అన్నం వడ్డిస్తూ అంది. "ఏవండీ, ఆ దరువు ఇన్నేళ్లుగా మన వంటింట్లో వింటున్నా. నా పప్పు మాడిందేమో గానీ అది ఎప్పుడూ కుంటలేదు. ఇవాళ కుంటిందంటే, కుంటించిందెవరో నాకు తెలుసు."

"ప్యాడ్ పాతదట."

"ప్యాడ్ పాతదో, బుద్ధి పాడయ్యిందో! పిల్ల నడిచే దారిలో రాళ్లు పోస్తారా ఎవరైనా?"

డేవిడ్‌రాజుకు సిగ్గేసింది. బెన్నిని దెబ్బ కొట్టాలనుకుంటే దెబ్బ తగిలింది సూసన్‌కి.

తెల్లారగానే ల్యాప్‌టాప్ తెరిచి మొత్తం మళ్లీ మార్చాడు. ప్రతి లూపునూ దరువు ముగిసిన చోటే ఖచ్చితంగా కోసి, తిప్పి తిప్పి విని, అప్పుడు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. అది జేబులో వేసుకుని బండి మీద గరికపాడు వెళ్లాడు. బెన్ని హైవే పక్క ధాబాలో టీ తాగుతున్నాడు.

"నీ ప్యాడ్‌కేం రోగం లేదు. తప్పు నాదే, కావాలనే చేశా. ఇప్పుడు విను. ఎక్కడ అతుకుందో కనిపెట్టు చూద్దాం!" అన్నాడు. ఒప్పుకోవడంలో కూడా అతనికి బడాయే.

బెన్ని నవ్వాడు. "నాకు ఎరికే అన్నా. కోసింది వింటే తెల్వదా? పెళ్లింట్ల పెద్దమనిషివి, అందరి ముందల నిన్నేం అడగను?"

డేవిడ్‌రాజు ఆ పిల్లవాడి టీ డబ్బులు కూడా ఇవ్వబోయి, అది చాలా చిన్న సంగతని తోచి, పెన్‌డ్రైవ్ అతని చేతిలో పెట్టి, "ఇవి నీ దగ్గరే ఉంచుకో. పెళ్లి అయ్యాక కూడా" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి చాలా కష్టమైంది.

పెళ్లిరోజు చర్చి నిండిపోయింది. తలుపు దగ్గర తెల్లచీరలో సూసన్ తండ్రి చేతిలో చెయ్యి వేసింది. బెన్ని దరువు అందుకున్నాడు. మేనమామ డప్పు, తన డోలక్ ఎక్కడా అతుకు లేకుండా వచ్చాయి. తన దరువు తూలకుండా మోగుతుంటే ఎదుటి నుంచి వినడం డేవిడ్‌రాజుకు అదే మొదటిసారి. బాగుంది. తాను అనుకున్నదానికంటే బాగుంది. గర్వం, దాని పక్కనే కాస్త అసూయ, రెండూ ఒక్కసారే పొంగాయి. బెన్ని ఈ మలుపులో ఇంకాస్త గట్టిగా కొట్టాలి, ఇక్కడ వదలాలి, అదిగో ఆ చోట అందుకోవాలి...

"నాన్నా" అంది సూసన్ మెల్లగా, ముందుకే చూస్తూ.

"ఏంట్రా?"

"నా చేతి మీద కొడుతున్నావు."

చూసుకున్నాడు. నిజమే, నాలుగు వేళ్లూ కూతురి మణికట్టు మీద దరువేస్తున్నాయి.

"కొట్టొద్దు నాన్నా. పట్టుకో."

డేవిడ్‌రాజు పట్టుకున్నాడు. పాస్టరు నిలబడే పుల్‌పిట్ మెట్ల దాకా దరువు సంగతి బెన్నే చూసుకున్నాడు.