గుడికి ఇచ్చిన ఇత్తడి చెంబు

సంఘమంటే దేవుని మహిమ నిండే పాత్ర అని మా పాదిరీ దొర చెప్పేవాడు. వచ్చినప్పుడల్లా అదే చెప్పేవాడు. చెప్పేది అరవంలోనే. ఇంట్లో తెలుగు, బయట అరవం మాట్లాడుకునే వీధి మాది కాబట్టి ప్రతి మాటా మాకు అర్థమయ్యేది. అర్థమై కూడా మావాళ్ళు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

పాత్ర సంగతి నాకా చెప్పేది? పుట్టినింట్లో, మెట్టినింట్లో బూడిదా చింతపండూ పెట్టి తోమీ తోమీ చేతిగీతలు అరిగిపోయినదాన్ని. పైగా ఆ గుడిలో పాత్ర అనేది ఏదైనా ఉందంటే అది నాదే. మా అమ్మ నా పెళ్ళికి ఇచ్చిన ఇత్తడి చెంబు. లోపల కళాయి పూయించి ప్రభు భోజనానికి ఇచ్చాను.

మదురకు పడమట, చిన్నమనూరు నుంచి తేనికి పోయే బండిబాట పక్కన మా ఊరు. అవి కుంపిణీవాళ్ళ రోజులు. మావాళ్ళు వేదంలో, అంటే కిరస్తానంలో, చేరింది ఏ వెలుగో చూసి కాదు. కాలవనీళ్ళ తగాదాలో కలెక్టరు కచేరీలో దొర మాట పనికొస్తుందని మా బావగారు, అంటే నా మొగుడి అన్న, ముందు చేరాడు. ఆయన వెనక వీధంతా చేరింది.

నేను చేరిన దారి వేరు. వాంతిభేది వచ్చి నా మొగుడు పోయాడు. నాకూ తగులుకుంది. బావగారింటి వాళ్ళు గడప అవతల నీళ్ళముంత పెట్టి పోయారు. పాక్కుంటూ వెళ్ళి తెచ్చుకునే ఓపిక నాకుంటే కదా. ఊరి అవతల చేరిలో, అంటే అంటరానివాళ్ళ పేటలో, ఉండే నాట్లమనిషి ఒకతె, మా పొలంలో పనిచేసేది, వీధి అంతా చూస్తుండగా లోపలికొచ్చి, తన కుండలో నీళ్ళు తెచ్చి నా నోట్లో పోసింది. నా బట్టలు ఉతికింది. ఎవరు పంపారే నిన్ను అని అడిగితే, తమ గుడిసెల దగ్గర ఉపదేశి చెప్పే దేవుడు పంపాడంది. ఆ దేవుడైతే నాకూ కావాలనుకున్నాను. ఆమె దేవుడూ మా బావగారి దేవుడూ ఒకడేనని తర్వాత తెలిసింది.

మొదటిసారి ప్రభు భోజనం పెట్టిన రోజు చూడాలి మావాళ్ళ వేషం. మేం చెంబు పెదవికి తగలనివ్వం. పైకెత్తి గొంతులోకి పోసుకుంటాం. ఎంగిలి అంటే మాకు అంత భయం. దొర చెంబు అందించగానే బావగారు అలవాటు కొద్దీ తల వెనక్కి వాల్చి, చెంబు ఎత్తి ద్రాక్షరసం ధార కట్టాడు. సగం ముక్కులోకి, సగం తెల్లటి పంచె మీదికి. పొలమారి దగ్గాడు. దొర ముఖం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. అది ప్రభువు రక్తమనీ, ఒక్క చుక్క కింద పడకూడదనీ, పెదవి ఆనించి ఒకరి తర్వాత ఒకరు తాగితేనే ఒక్క సంఘమనీ నచ్చజెప్పాడు.

నచ్చజెబితే మావాళ్ళు ఒప్పుకున్నారు. ఎలా ఒప్పుకున్నారో వినండి. మా ఎంగిలి మాలో మేం తాగుతాం, వెనక తాడు అవతల మట్టినేల మీద కూర్చున్న చేరివాళ్ళకు మాత్రం వేరే ఏదైనా పెట్టండి అన్నారు. ఉపదేశి ఒక కొబ్బరిచిప్ప గీకి శుభ్రం చేసి తెచ్చాడు. మాకు చాప, చెంబు. వాళ్ళకు మన్ను, చిప్ప. మధ్యలో కొబ్బరితాడు. దొర పాపం ఆ తాడు దాటి నడిచేటప్పుడు అంగీ కాస్త పైకెత్తి పట్టుకునేవాడు.

ఒకరోజు నారుమడి గట్టు మీద ఆ నాట్లమనిషి నాతో అంది.

"అమ్మా, నేనింక గుడికి రాను."

"ఏమే, ఏమొచ్చింది నీకు?"

"ఊళ్ళో మీ ఇళ్ళకాడ చిప్పలోనే పోస్తారు. సరి, అది ఊరు. దేవుని ఇంట్లో గూడా చిప్పే అంటే, నేనెందుకు మునిగినాను ఆ నీళ్ళల్లో? ఒక్కసారి ఆ చెంబు నా కాడికి వస్తే ఉంటాను. రాకపోతే మళ్ళా నన్ను పిలవద్దు."

నా ప్రాణం నిలబెట్టిన మనిషి. నన్ను ఆ దేవుడి దగ్గరికి తెచ్చిన మనిషి. ఆమె బయటికి పోతే ఇక ఆ గుడిలో మిగిలేదేమిటి? కాలవనీళ్ళ తగాదా మిగులుతుంది.

నేరుగా బావగారింటికి వెళ్ళి తలుపు చాటున నిలబడి, చెంబు చేరివాళ్ళకూ అందనివ్వమని అడిగాను. ఆయన తాంబూలం నములుతూ నవ్వాడు.

"ఏమమ్మా, నువ్వు వేదం చదివినావా? ఆడదానికి, అందులో మొగుడు పోయినదానికి, ఇదంతా ఎందుకు?"

"చెంబు నాది బావా."

"ఇచ్చినంక నీదెట్లా? గుడిది."

"గుడి ఎవురిది?"

"మనది."

ఆ 'మనది' అన్న మాటకు నా చేతిలో చీపురుంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

దొర మళ్ళీ వచ్చినప్పుడు ఆయన బండి దగ్గరే నిలదీశాను. మంచివాడే. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. "పొరుమై, అమ్మా, పొరుమై" అన్నాడు అరవంలో. ఓర్చుకోమట. తాడు తీసేస్తే వీధి అంతా వెళ్ళిపోతుందట, కాలం గడిస్తే మెల్లగా అదే పోతుందట. ఓర్చుకోవాల్సింది చాప మీద కూర్చున్నవాళ్ళు కాదుగా! మన్ను మీద కూర్చున్నవాళ్ళకే ఎప్పుడూ ఓర్పు చెబుతారు. కన్నీళ్ళు ఎవరి కంటివైతేనేం, వాటితో తాడు తెగదు.

ఆమె ఇంటికి వెళ్ళి, ఈ ఒక్క ఆదివారం రా అని బతిమాలాను. వచ్చింది. తాడు అవతల చివర కూర్చుంది.

మా వరసలో ముందు మగవాళ్ళు, తర్వాత ఆడవాళ్ళు, అందరి వెనక నేను. వేదంలో చేరినా ముండమోపి ముండమోపే, నా తర్వాత పెదవి పెట్టడానికి ఎవరికీ ఇష్టం లేదు. వాళ్ళు పెట్టిన ఆ వరసే ఆ రోజు నాకు కలిసొచ్చింది. చెంబు నా చేతికొచ్చింది. ఒక గుక్క తాగాను. దొర తీసుకోవడానికి చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. లేచాను. తాడు దాటాను. చెంబు ఆమె చేతిలో పెట్టాను.

"ఐయో! ఏమి చేస్తా ఉండావు!" అని బావగారు అరిచాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. ఆమె మాత్రం తొందరపడలేదు. చెంబు రెండు చేతుల్తో పట్టుకుని, పెదవి ఆనించి, నింపాదిగా తాగింది. మూతి తుడుచుకుని నా వైపు చూసింది.

"ఇంతేనా అక్కా? ఈ పులుపుకేనా ఇంత గోల?"

అక్కా అంది. అంతకుముందు ఎప్పుడూ అమ్మా అనే పిలిచేది.

చెంబులో అడుగున కొంచెం మిగిలింది. మిగిలింది పారబోయకూడదు, దొరే తాగాలి, అది వాళ్ళ నియమం. గుడి గుడంతా ఆయన నోటివైపు చూసింది. ఆయన చెంబు అందుకున్నాడు. తాగాడు. అబద్ధం చెప్పను, ఆమె పెదవి పెట్టిన చోటే పెట్టి తాగాడు. బావగారు లేచి బయటికి నడిచాడు. ఆయన వెనక వీధంతా నడిచింది.

దొర ఆ తెగువ ఇంకో రోజు నిలబెట్టుకుని ఉంటే ఈరోజు నేను ఇంత మాట అనేదాన్ని కాదు. మర్నాడే బావగారింటికి వెళ్ళి బతిమాలుకున్నాడు. వీధివాళ్ళకు పొద్దున వేరే ఆరాధన, వేరే వెండి గిన్నె. చేరివాళ్ళకు మధ్యాహ్నం. తాడు పోయింది నిజమే, దాని బదులు ఒక పూట అడ్డం పెట్టారు. అందరూ సర్దుకున్నారని దొర దేవుడికి స్తోత్రం చెప్పాడు. బావగారు నా చెంబు నా గడప ముందు బోర్లించి పోయాడు, చచ్చినవాళ్ళ ఇంటి ముందు కుండ పెట్టినట్టు.

సరే, నాదే కదా. తీసుకున్నాను.

మధ్యాహ్నం ఆరాధనకే వెళ్తాను. మొదట్లో వాళ్ళతోపాటు మట్టినేల మీదే కూర్చున్నాను. ఆమె వస్తోంది, ఆ మాట మీదే నిలబడింది. నా చెంబులోనే ఆమె తాగాక నేను తాగుతాను, ఆ వరస నేను పెట్టుకున్నదే. నేను చెప్తేనే అందరూ చాపలు తేవడం మొదలుపెట్టారు.

ప్రతి శనివారం మా అరుగు మీద, నడివీధిలో, అందరికీ కనిపించేట్టు కూర్చుని ఆ చెంబు తోముతాను. మహిమ నిండే పాత్ర ఏదని దొర నన్నెప్పుడూ అడగలేదు. బావగారు అటువైపు వచ్చినప్పుడు ఇంకాస్త గట్టిగా తోముతాను. ఆ చప్పుడుకు ఆయన ముఖం పక్కకు తిప్పుకుని పోతాడు. పోనీ. ఆదివారం చెంబును కొంగు కింద దాచుకోకుండా, చంకన పెట్టుకుని, ఆ వీధి మధ్యలోంచే నడిచి వెళ్తాను.