అంగడి రోజు ఖాళీగా ఉన్న బాలవాడి

బోధన్ దగ్గర చెరకు కొట్టే కూలీల పసిపిల్లల కోసం మేము బాలవాడి నడిపేవాళ్లం. నిధులిచ్చే సంస్థ నుంచి ఒక మేడం చూడటానికి వచ్చింది. ఆమె మెచ్చితేనే మరో ఏడాది సాగేది. అన్నీ రాసుకునే నేనే పొరపాటున ఆమెను అంగడి రోజు రమ్మన్నాను. ఆ రోజు కూలీలకు సెలవు. బాలవాడిలో ఒక్క బిడ్డ లేడు.

బిడ్డను ఎత్తుకుని అటుగా పోతున్న ఒక తల్లి నవ్వింది. “అంగడి దినం పిల్లలేడుంటరు సారూ? మా సంకలనే ఉంటరు!”

“మరి వీణ్ని ఎత్తుకునే పెద్దపిల్ల లేదా అమ్మా?” అని మేడం అడిగింది.

“బడికి పోయిందక్కా. రోజు వీణ్ని మీ బాలవాడిల ఇడుస్తున్నగద, ఇగ దానికి మోసే పని తప్పింది.”

మేడం నేరుగా బడికి నడిచింది. మా బాలవాడి పసిపిల్లల అక్కలు అక్కడ పలకలు పట్టుకుని కూర్చున్నారు. నిధులు ఆగలేదు. ఆ ప్రశ్న అడిగినందుకు ఆమెకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ని.