బాయిలర్ గది బయట బోర్డు

మా మేనత్త ప్రోగ్రామర్. ఆఫీసులో చాటుగా ఆమెను హెడ్మాస్టరమ్మ అనేవారు. ఎవరు రాసిన ప్రోగ్రామ్ ముందు పెట్టినా, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, తప్పు ఏ వరుసలో ఉందో వేలు పెట్టి చూపించేది.

ఇరవై ఆరేళ్ళప్పుడు ఆమె ఒక లైబ్రరీ రాసింది. పుస్తకాలుండే లైబ్రరీ కాదు. మిగతా ప్రోగ్రామర్లు తమ పనిలోకి తెచ్చుకుని వాడుకునే ఫంక్షన్ల, అంటే ఒక్కో పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్ ముక్కల, మూట. అందులో ఒకటి, సెన్సర్ పంపిన అక్షరాలను చదివి అంకెగా మార్చి ఇస్తుంది. అక్షరాలు పాడైపోయి వచ్చినా, అసలు రాకపోయినా సున్నా ఇస్తుంది. నడుస్తున్న ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోవడం రాసినవాళ్ళకు తలవంపులని ఆమె అప్పట్లో అనుకునేది. లైబ్రరీని అందరికీ ఊరికే పంచిపెట్టింది. వేలమంది వాడుకున్నారు.

పంతొమ్మిదేళ్ళ తర్వాత ఆమెకు ఒక ఈమెయిల్ వచ్చింది. రాసినాయన ఒక పెద్ద లాండ్రీకి ప్రోగ్రామ్ చేసిపెట్టిన మనిషి. అక్కడ బాయిలర్ గదిలో విషవాయువు ఎంత ఉందో తలుపు బయట బోర్డు చూపిస్తుంది. ఆ వాయువుకు వాసన ఉండదు, బోర్డే దిక్కు. ఎలుక వైరు కొరికింది. సెన్సర్ నుంచి ఏమీ రాలేదు. అత్త ఫంక్షన్ సున్నా ఇచ్చింది, బోర్డు సున్నా చూపించింది, ఆపరేటర్ లోపలికి వెళ్ళాడు. ప్రాణం దక్కింది కానీ జ్ఞాపకశక్తి పోయింది. ఈమెయిల్‌లో ఆమెను ఒక్క మాట అనలేదు. తప్పు తనదేననీ, ఆమెకు తెలియాలని మాత్రమే రాస్తున్నాననీ ఉంది.

అప్పటినుంచి అత్త సున్నాను నమ్మడం మానేసింది. కూరగాయల కొట్లో ఖాళీ తూకం మీద సున్నా కనబడితే, దాని మీద అరచెయ్యి పెట్టి అంకె కదిలేదాకా వదిలేది కాదు. కొట్టువాడు నవ్వేవాడు. ఆమెకు నవ్వు వచ్చేది కాదు. మాటల మధ్యలో ఆగిపోయి, ఎవరో పిలిచినట్టు తలుపువైపు చూసేది.

ఆఫీసులో ఆమె స్నేహితురాలు సర్దిచెప్పబోయింది. “సున్నా వస్తుందని లైబ్రరీతో ఇచ్చిన వివరాల్లో రాసిపెట్టావు కదే. చదవకపోతే నువ్వేం చేస్తావు?”

“నలభయ్యో పేజీలో రాశాను,” అంది అత్త. “తలుపు ముందు నిలబడ్డవాడికి నలభయ్యో పేజీ ఎక్కడ కనిపిస్తుందే?”

ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని ఆ ఆపరేటర్ ఇంటికి వెళ్ళింది. మూడో అంతస్తులో రెండు గదులు. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, డ్యూటీకి బయల్దేరబోతున్నవాడిలా కూర్చుని ఉన్నాడు. అత్త తను ఎవరో, ఏం రాసిందో దాచకుండా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“బోర్డు మీద సున్నానే కదమ్మా ఉంది?” అన్నాడు.

“అవునండీ. కానీ ఆ సున్నా అబద్ధం. తెలియదు అని ఉండాల్సింది.”

ఆయన తలూపాడు. కాసేపు కిటికీలోంచి చూశాడు. మళ్ళీ ఇటు తిరిగి, అదే గొంతుతో, బోర్డు మీద సున్నానే కదా అన్నాడు. అత్త మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. మేం ఉన్న గంటలో ఆరుసార్లు అడిగాడు. ఆరుసార్లూ, మొదటిసారి చెబుతున్నట్టే చెప్పింది. ఆయన భార్య మమ్మల్ని మెట్లదాకా దిగబెడుతూ, “ఇంత ఓపిగ్గా నేను కూడా చెప్పలేనమ్మా,” అంది. అత్త ఆమె ముఖంలోకి చూడలేకపోయింది.

మర్నాడే ఫంక్షన్ తిరగరాయడం మొదలుపెట్టింది. చదవలేకపోతే ఇక అది ఏ అంకెనూ ఇవ్వదు. ఏ సెన్సర్, ఏం రావాలి, ఏం వచ్చింది, మొదట ఎక్కడ చూడాలి అన్నది మామూలు మాటల్లో చెప్పి ఆగిపోతుంది. ఆ మాటల కోసమే పదకొండు రోజులు కూర్చుంది. ‘చెల్లని విలువ’ అని ఒకచోట రాసి, అది చదివినవాడికి ఏం అర్థమవుతుందని తనే కొట్టేసింది. ‘మూడో సెన్సర్ నుంచి ఏమీ రాలేదు, వైరు చూడండి’ అని రాసింది.

కొత్తది విడుదల చేయగానే తిట్లు మొదలయ్యాయి. నిన్నటిదాకా నడిచినవి ఇవాళ ఆగిపోతున్నాయని, ఈ వయసులో ఈమెకేం పట్టిందని రాశారు. పాతపద్ధతిని వెనక్కి తెమ్మన్నారు. అత్త ఒప్పుకోలేదు. అందరికీ ఒక్కటే జవాబిచ్చింది: ఆగిపోయిన ప్రతిచోటా ఏదో పాడైంది, ముందు దాన్ని చూడండి.

మూడో వారంలో ఒకావిడ రాసింది. వాళ్ళ మందుల గోదాములో ఒక సెన్సర్ పదకొండు నెలలుగా చచ్చి పడి ఉందట, ఇవాళే తెలిసిందట, చాలా థాంక్సట. నేను సంతోషంగా పైకి చదివాను. అత్త ముఖం పాలిపోయింది.

“పదకొండు నెలలా,” అంది. “అన్నాళ్ళూ నా సున్నానే చూశారా?”

ఆ లైబ్రరీలో ఇంకా నలభై మూడు ఫంక్షన్లున్నాయి. ఒక్కొక్కటే తెరిచి చూస్తోంది. పాతదాన్ని కొత్తదానితో మార్చుకున్నవాళ్ళు సగం కూడా లేరు. మిగతావాళ్ళ దగ్గర ఆ పాతది ఏ గోడ వెనక, ఏ తలుపు పైన నడుస్తోందో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.